బావకిచ్చిన బంతి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, అయ్యా మీరూ ఆ పీట లాక్కోండి. చదివేవాళ్ళైనా సరే, నాకు మీరు వినేవాళ్ళ కిందే లెక్క. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, వాక్యం ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. కాని చూసింది, విన్నది మరిచిపోయే అలవాటు లేదు. ఎవరింట్లో ఏ పండక్కి ఏ కూర వండారో కూడా చెప్పగలను. అలాంటి జ్ఞాపకం దేవుడిచ్చిన వరమని అందరూ అంటారు. అందులో ఒక ముల్లు కూడా ఉందని నాకొక్కదానికే తెలుసు. ఒకసారి అనకూడని మాట ఒకటి అన్నాను. అదే రోజు సాయంత్రం అనవలసిన చోట నోరు మూసుకున్నాను. ఆ రెండూ ఇవాళ చెప్పేస్తాను.

మా ఆయన ప్రసాదరావు గారు పోయి ఏడాదైంది. మొన్న ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, ఎవరైనా రెండు మాటలు చెప్పండంటే, టైలర్ అప్పారావు గారు లేచారు. ఆయన మా మతం కాదు గాని మా ఇంట్లో ఏ కూడికా తప్పలేదు. ఇప్పుడాయనకి చెవులు వినపడవు, అందుకని వీధిలోకి వినపడేలా చెప్పారు. "ఆవేళ ఆ బంతి గోల్లో పడుంటే మా ప్రసాదరావు గారు రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యేవారండి. ఎదురుగుండా గోల్ పెట్టుకుని ఆకాశానికి కొట్టేరండి" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన ఉండుంటే ఆయనా నవ్వేవారు. గుమ్మం దగ్గర మా తమ్ముడు రాజు నిలబడి ఉన్నాడు. వాడూ నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మాది సామర్లకోట. నాన్న మిషన్ హైస్కూల్లో అటెండరు. గంట కొట్టడం, తాళాలు వెయ్యడం ఆయన ఉద్యోగమైతే, ఫుట్‌బాల్ గ్రౌండుకి సున్నంతో గీతలు గియ్యడం ఆయన ప్రాణం. వంగి, డబ్బా చేత్తో పట్టుకుని వెనక్కి నడుస్తూ గీస్తే దారం పట్టి లాగినట్టుండేది గీత. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలక్కూడా సున్నమే. చెరకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన ఊరంతా తియ్యగా, పుల్లగా కమ్ముకునేది. ఆ వాసనలో కూర్చుని నాన్న తోలుబంతికి ఆముదం రాసేవాడు. అమ్మ లోపల్నుంచి, "పిల్ల తలకి రాద్దామంటే సీసాలో చుక్క ఉండదు, బంతికి మాత్రం కారిపోద్ది" అనేది. "నీ పిల్ల తల ఎండితే మళ్ళీ రాయొచ్చు, బంతి ఎండితే కుట్టు పిగిలిపోద్ది" అనేవాడు నాన్న. మా పేట జట్టుకి నాన్నే పెద్ద. ఎవరు ముందు ఆడాలో, ఎవరు వెనక ఆడాలో ఆయన మాటే మాట. జట్టు చొక్కాలు ముదురు ఎరుపు. ఆ రంగు అమ్మే పెద్ద గిన్నెలో కాచి వేసేది. రెండు రోజులు చేతులు ఎర్రగా ఉండేవి, గుడికి కొంగులో దాచుకుని వచ్చేది.

సాయంత్రం అయిదున్నరకి మా అరుగు మీద సభ మొదలయ్యేది. నాన్న, అప్పారావు గారు, రైల్వే గేటు దగ్గర పనిచేసే సత్యం మామ, నా పెళ్ళయ్యాక మా ఆయన. మా ఆయన చెరకు ఫ్యాక్టరీలో ఫిట్టరు, మా వీధి చివరే అద్దెకుండేవాళ్ళం. కాబట్టి పెళ్ళయినా నేను సాయంత్రం టీ గ్లాసులు కడిగింది పుట్టింట్లోనే. దేశం జట్టు ఎక్కడో ఆడేది. పేపర్లో ఆటల పేజీలో కిందెక్కడో నాలుగు లైన్లు పడేవి. ఆ నాలుగు లైన్ల మీద వీళ్ళు నాలుగు రోజులు మాట్లాడుకునేవాళ్ళు. ఎప్పుడన్నా టీవీలో ఆట వేస్తే హెడ్‌మాస్టరు గారింటి కిటికీ బయట నిలబడి చూసొచ్చి, మళ్ళీ అరుగు మీద దాన్ని మొదట్నుంచి ఆడేవాళ్ళు.

మా ఆయన దేశం పక్షం. "మునుపటికంటే మెరుగేనండి మావయ్య గారూ. అప్పట్లో గల్ఫ్ దేశాలోళ్ళొస్తే అరడజను గోల్స్ తినేవాళ్ళం. ఇప్పుడు ఒకటీ రెండుతో బయటపడుతున్నాం" అనేవారు.

"తక్కువ తినడం ఉపవాసం అవుద్ది గాని, ముందడుగు అవదండి అల్లుడు గారూ. మనం ఎన్ని కొట్టేం, అది చెప్పండి" అనేవాడు నాన్న.

"వెనకాల కుర్రాళ్ళు బ్రహ్మాండంగా ఆపుతున్నారండి."

"ఆపుతారు. గేటు నేనూ ఆపుతాను" అనేవాడు సత్యం మామ. "బండి గోల్ దాకా వచ్చి ఆగిపోతందయ్యా, సిగ్నల్ ఇవ్వలేదన్నట్టు. లోపలికి తోలేవాడేడీ?"

అప్పారావు గారు నోట్లో సూది తీసి, "గుడ్డ మంచిదే, కత్తిరింపు మంచిదే. చివర ముడెయ్యడం ఎవడికీ రాదు. ఎంత కుట్టినా ఊడిపోతంది" అని మళ్ళీ సూది నోట్లో పెట్టుకునేవారు. మా ఆయన పేపరు మడిచి, "స్ట్రైకర్ కావాలండి, స్ట్రైకర్. ఇంత దేశంలో ఒక్కడు లేడా?" అనేవారు. "లేడండి" అని నాన్న ముగించేవాడు. దాని తరవాత అందరూ టీ ఊదుకుంటూ ఆ ఒక్కడి కోసం దిగులుపడేవాళ్ళు.

ఆ ఒక్కడు ఆ గోడకి ఇవతలే, వంటింట్లో నా పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటూ ఉండేవాడు. మా రాజు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఇంటర్ తప్పి, మిల్లులో బస్తాలు మోసేవాడు. ఎడమ కాలుతో వాడు బంతి కొడితే ఆ చప్పుడే వేరు. నాన్నకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని, బడి వెనక గోడ మీద బొగ్గుతో ఇటిక రాయంత గుర్తు పెట్టుకుని, దాన్నే కొట్టేవాడు. పదిసార్లు కొడితే తొమ్మిదిసార్లు బంతికి బొగ్గు మసి అంటుకునేది. పదోసారి తప్పితే, చుట్టూ ఎవరైనా చూశారేమోనని తల తిప్పేవాడు, దొంగతనం చేసినట్టు. అలాంటివాడు మా పేట జట్టులో ఎక్కడ ఆడేవాడంటారు? వెనక. గోల్ కాసే గోలీకి రెండడుగుల ముందు.

అది మీకు విడ్డూరంగా ఉండొచ్చు. మాకు అప్పుడు అలా అనిపించలేదు. మా జట్టులో పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు వెనక. గుళ్ళో ముందు బెంచీ పెద్దవాళ్ళది, భోజనాల బంతిలో మొదటి విస్తరి పెద్దవాళ్ళది, ఆటలో ముందు చోటు కూడా అంతే. నిన్నగాక మొన్న మీసం వచ్చినవాడు ముందుకెళ్ళి గోల్ కొట్టి చేతులెత్తితే, వెనక నిలబడ్డ అన్నగారి మొహం ఏం కావాలి? అందులోనూ నాకు పెళ్ళయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. మా ఆయన అంతకుముందే సెంటర్ ఫార్వర్డు, ముందు వరసలో మధ్యన ఆడేవారు. ఇప్పుడు జట్టుపెద్దకి అల్లుడు కూడా. ఆదివారం గుడి నించి వచ్చాక అమ్మ కోడికూర వండితే తొడ ముక్క అల్లుడి పళ్ళెంలోకి వెళ్ళేది. గ్రౌండులో బంతి అల్లుడి కాళ్ళ దగ్గరకి వెళ్ళేది. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మా ఆయన చెడ్డ ఆటగాడు కాదు, ఆ మాట అంటే కళ్ళు పోతాయి. పరుగుండేది, ఓపికుండేది. గోల్ ఎదురుగా వచ్చేసరికి మాత్రం ఒక్క క్షణం ఆలోచించేవారు. ఆ క్షణంలో ఎవడో వచ్చి కాలడ్డం పెట్టేవాడు. దేశం జట్టు గురించి ఆయన ఏమని బాధపడేవారో, అదే.

ఒక వేసవిలో కబురొచ్చింది, రాష్ట్ర జట్టుకి కుర్రాళ్ళని ఏరడానికి ఇద్దరు సెలక్టర్లు వస్తున్నారని, మా గ్రౌండులో రాజమండ్రి జట్టుతో ఆట చూస్తారని. రాష్ట్రానికి ఆడినవాడికి రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం దొరుకుతుందని సత్యం మామ చెప్పాడు. అరుగు మీద ఆ వారమంతా దేశం జట్టు పేరెత్తలేదు. అప్పారావు గారు మాత్రం నాన్నని వదలలేదు. "ఈ ఒక్కసారి రాజుని ముందు పెట్టండి మాస్టారూ. ఆ ఎడం కాలు సెలక్టర్లు చూడాలి. మీరు రోజూ లేడు లేడనే మనిషి వీడేనేమో ఎవరికి తెలుసండి" అన్నారు. నాన్న రెండు రోజులు ఆలోచించి, మధ్యలో అల్లుడు, ఎడమ పక్కన రాజు అని తేల్చాడు. అది నాన్న చేసిన పెద్ద సాహసం. రాజు ఆ రాత్రి కంచంలో అన్నం అలాగే ఉంచి, చెయ్యి ఎండిపోయేదాకా కూర్చున్నాడని అమ్మ చెప్పింది.

మా ఇంట్లో పరిస్థితి వేరు. మా అత్తగారు బియ్యం చెరుగుతూ, "నీ తమ్ముణ్ణి కూడా ముందు పెట్టారంటగా. ఇక మావాడెందుకు, నీళ్ళందియ్యడానికా?" అంది. మా ఆయన బూట్లు ముందేసుకుని, అడుగున అరిగిపోయిన మేకులు తీసి కొత్తవి కొట్టుకుంటున్నారు. ఆయనకప్పుడు ఇరవయ్యేడో ఎనిమిదో. చెరకు ఆడే కాలం అయిపోతే ఫ్యాక్టరీలో పని ఉండేది కాదు, ఏడాదిలో సగం రోజులు ఖాళీ. నాకు మూడో నెల. ఆ మేకులు కొట్టే చప్పుడు వింటూ పడుకుంటే, ఈ మనిషికి ఇదే ఆఖరు అవకాశం అనిపించింది. నిజంగానే అదే ఆఖరు.

ఆట రోజు పొద్దున్నే రాజు మా ఇంటికొచ్చాడు. ఆట ఉన్న రోజు నా చేతి పెసరట్టు తినడం వాడికి అలవాటు. అల్లం కోస్తున్నాను. వాడు పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, మోకాలికి రాసుకున్న నొప్పుల నూనె వాసన పొగలో కలిసి కళ్ళు మండుతుంటే నవ్వుతున్నాడు. "అక్కా, నాన్న నన్ను ముందు పెట్టేడు, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. అట్టు పళ్ళెంలో వేసి, వాడి మొహం చూడకుండా చెప్పాను.

"రాజూ, నీకింకా వయసుంది. ఈ ఏడు కాపోతే వచ్చే ఏడు. బావకి ఇదే ఆఖరు. బంతి నీ దగ్గరకొస్తే బావకియ్యరా."

వాడు ముక్క తుంచి నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "గోల్ నా ముందుంటేనో?"

"ఉన్నా సరే. బావని దాటి నువ్వు కొడితే నేనీ ఇంట్లో తలెత్తుకోలేనురా."

"సరే అక్కా" అన్నాడు. ఇంకో అట్టు వెయ్యనా అంటే వద్దన్నాడు. ఆటకి కడుపు బరువెక్కకూడదని వద్దన్నాడనుకున్నాను.

సాయంత్రం బడి వరండాలో ఆడవాళ్ళందరం నిలబడ్డాం. నాన్న గీసిన గీతలు ఆవేళ పాలలా ఉన్నాయి. సెలక్టర్లిద్దరూ బల్ల దగ్గర కూర్చుని కాగితాల మీద ఏదో రాసుకుంటున్నారు. రాజు ఆడుతుంటే పక్క ఊరివాళ్ళు కూడా ఎవడ్రా వీడు అనుకోవడం వినపడింది. ఎడమ పక్క నించి దూసుకెళ్తాడు, గోల్ దగ్గర పడగానే తల తిప్పి బావ ఎక్కడున్నాడా అని చూస్తాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అప్పారావు గారు గీత బయట నిలబడి, "కొట్టరా, కొట్టు" అని గొంతు చించుకుంటున్నారు. చెమటకి వాడి చొక్కా రంగు మెడ మీద ఎర్రగా దిగింది. ఆట ముగుస్తుందనగా ఇద్దర్ని తప్పించుకున్నాడు. గోలీ వాడి కాళ్ళ మీదకి దూకబోయి జారి పడిపోయాడు. ఇక ఎవరూ లేరు. గోల్ పెద్ద గుమ్మంలా తెరుచుకుని ఉంది. ఎడమ కాలు వెనక్కి వెళ్ళింది. నాకు తెలుసు ఆ కాలు, అది వెనక్కి వెళితే ఏమవుతుందో తెలుసు. సత్యంగా చెబుతున్నాను, ఆ ఒక్క క్షణం, కొట్టెయ్యరా అనుకున్నాను. కాలు కిందకి దింపి, బంతిని నెమ్మదిగా, పసిపిల్లని చేతికిచ్చినట్టు, పక్కకి తోశాడు. మా ఆయన అనుకోలేదు. అనుకోని బంతిని హడావిడిగా కొట్టారు. అది గోల్ పైకర్ర మీదుగా వెళ్ళి అవతల చింతచెట్లలో పడింది.

సెలక్టర్లు వెనక ఆడిన ఇద్దర్ని రాసుకున్నారు. లేస్తూ నాన్నతో, "డిఫెన్సు బాగుందండి మీది. ఎడం పక్క కుర్రాడికి ఆట ఉంది గాని, గోల్ ముందు బెదురుతున్నాడు. అలాంటివాళ్ళు మాకు చాలామంది ఉన్నారు" అన్నారు.

ఆ సాయంత్రం మళ్ళీ అరుగు మీదే చేరారు. మా ఆయన తల దించుకుని, "తప్పు నాదండి. కుర్రాడు బంగారంలాంటి బంతిచ్చేడు" అన్నారు. నాన్న ఆ మాట వినిపించుకోలేదు. రాజు మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతున్నాడు. నాన్న వాడి వైపు తిరిగి, గొంతు పెంచకుండా అన్నాడు. "ఖాళీ గోల్ ఎదర పెట్టుకుని పక్కోడికి ఇస్తావురా? ఇన్నాళ్ళూ దేశానికి స్ట్రైకర్ ఎందుకు లేడా అనుకునేవాణ్ణి. నా ఇంట్లోనే తెలిసింది. పిరికోళ్ళం మనం."

టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నేను గుమ్మంలో ఉన్నాను. నేనే ఇమ్మన్నాను నాన్నా, అంటే అయిపోయేది. మూడు మాటలు. మా ఆయన అక్కడే ఉన్నారు, ఆయన విని ఊరుకుంటారా, మా అత్తగారికి తెలిస్తే ఏమవుతుంది, అన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. రాజు తల పైకెత్తలేదు. లేసు ముడి పడింది, దాన్ని పళ్ళతో లాగుతున్నాడు. నేను గ్లాసులు అందించి లోపలికెళ్ళిపోయాను.

వచ్చే ఏడు అన్నాను కదా, వచ్చే ఏడు లేదు. వానలు పడేసరికి రాజు జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయాడు, ఎవరిదో పామాయిల్ తోటలో పనికి. వాడిక ఆడడని బూట్లు రెండూ అమ్మ పాతసామాను వాడికి వేసేసింది. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, అక్కడే కాస్త పొలం కౌలుకి పట్టాడు. ఆరేళ్ళు మా గడప తొక్కలేదు. తోటలో పని తెమలదంటూ కబురు పంపేవాడు. నాన్న పోయినప్పుడు వచ్చాడు. ఆ తరవాత నించి మాత్రం ఏడాదికి రెండుసార్లు తప్పకుండా వచ్చేవాడు, బావతో కూర్చుని టీవీలో ఆట చూసేవాడు. "మన రాజుకి ఆట తెలుసే. ఆవేళ వాడిచ్చిన బంతి లాంటిది నాకు జన్మలో రాలేదు" అని మా ఆయన పోయేదాకా చెప్పారు. ఆయనకి చివరిదాకా తెలియదు. తెలిస్తే ఆయన నిద్రపోయేవారు కాదు, అందుకే చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. నాన్నకి చెప్పకపోవడానికి మాత్రం ఏ వంకా దొరకలేదు.

ఇప్పుడు మా వీధిలో అరుగులు లేవు. బళ్ళు పెట్టుకోడానికి జాగా కావాలని అందరూ కొట్టేశారు. బడి గ్రౌండులో సగం వరకు కొత్త గదులు లేచాయి. మా మనవడు పడక్కుర్చీలో ఫోను పట్టుకుని, హైదరాబాదులోనో కలకత్తాలోనో ఉన్న మొహం తెలియని స్నేహితులతో వాదిస్తుంటాడు. వెనక గట్టిగానే ఉందిరా, ముందు కొట్టేవాడే లేడు అంటాడు. మా నాన్న మాట వాడి నోట్లోంచి వస్తుంటే చేస్తున్న పని ఆపేస్తాను. అప్పుడు మాకు మంచి బంతి లేదు, బూట్లు లేవు, టీవీ లేదు. ఇప్పుడన్నీ ఉన్నాయి, అయినా అదే మాట. దేశం సంగతి చదువుకున్నవాళ్ళు చెప్పాలి. నాకు తెలిసిందల్లా, ఒక ఇంట్లో ఒకడు పుట్టాడు, వాణ్ణి మేం పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టి, వీధిలో వెతికాం. అలాంటి ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో.

కూడిక అయిన వారానికి బస్సెక్కి జంగారెడ్డిగూడెం వెళ్ళాను. మరదలు పొరుగూరు వెళ్ళింది. రాజు చూరు కింద కూర్చుని, గెలలు కోసే కత్తికి పదును పెడుతున్నాడు. తల నెరిసింది, ఎడమ మోకాలు ముడవలేక చాపుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని అడిగాను.

"రాజూ, ఆవేళ నేను చెప్పాననేనా బావకిచ్చావు?"

ఏవేళ అనలేదు వాడు. ఏం ఇచ్చానని కూడా అడగలేదు. కత్తి మీద నీళ్ళు చల్లి, మళ్ళీ రాయి మీద పెట్టాడు.

"నువ్వు చెప్పకపోయినా ఇచ్చేవాణ్ణేనక్కా."

నా గుండె మీంచి ఇన్నేళ్ళ బరువు దిగినట్టయింది. కళ్ళు తుడుచుకుంటున్నాను. వాడు కాసేపు నూరి, అంచు వేలితో చూసుకుని, అన్నాడు.

"నాన్న పోయినప్పుడు అలా అనుకోవడం మొదలెట్టేను. అలా అనుకుంటేనే మీ ఇంటికి రాగలిగేనక్కా."

"మరి నిజం చెప్పరా."

వాడు తోట వైపు చూశాడు. "కొట్టేవాణ్ణి" అన్నాడు. "గోలీ కుడి పక్కకి పడ్డాడు. ఎడమ మూల మొత్తం ఖాళీ. కొట్టేవాణ్ణక్కా."

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద అన్నం, మీ గుమ్మంలో చెప్పులు ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీ పిల్లల ముందుకి వాళ్ళ వంతు వచ్చినప్పుడు వాళ్ళని పక్కకి తప్పుకోమనే మాట మీ నోట రాకుండా, ఒకవేళ వచ్చినా అదే పూట ఒప్పుకునే ధైర్యం మీకుండేలా ఆ ప్రభువు మిమ్మల్ని కాయుగాక.